అరుణాచలంలో ఇల్లు కొనే ముందు మా అమ్మ అడిగిన ప్రశ్న

అరుణాచల శివ.

కార్తీకమాసం వీడియోల్లో ఒక మాట అని వదిలేశాను, గుర్తుందా? "అరుణాచలంలో ఫ్లాటు కొందామని టోకెన్ అడ్వాన్సు కూడా కట్టి వెనక్కి వచ్చాను, ఆ కథ తర్వాత చెప్తాను" అన్నాను. ఆ రోజు నుంచి ఎవరు కలిసినా అదే అడుగుతున్నారు. "మేమూ చూస్తున్నామండీ, ఏ ఏరియా అయితే మంచిది?" అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. పది నిమిషాల వీడియోలో చెప్తే ఇది తప్పుగా అర్థమయ్యే విషయం. అందుకే రాస్తున్నాను. ఇందులో నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు, ముందే ఒప్పేసుకుంటున్నా.

మాది వాడరేవు. చీరాల నుంచి ఆటో ఎక్కితే పావుగంట. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి మా ఊరు మా ఊరిలా ఉండదు. పర్చూరు వైపు నుంచి, చిలకలూరిపేట వైపు నుంచి పత్తి రైతులు, మిర్చి రైతులు కుటుంబాలతో ట్రాక్టర్లలో దిగుతారు. తెల్లారకముందే సముద్రస్నానం, ఇసకతో చేసిన చిన్న శివలింగం, అరటిదొప్పలో దీపం. సాయంత్రానికి ఎవరి ఊరికి వాళ్లు. మా నాన్నగారు అనేవారు, "వీళ్లలో ఒక్కరికీ ఇక్కడ సెంటు భూమి లేదురా, అయినా చూడు, మా సముద్రం అంటారు" అని. అప్పుడు నవ్వేవాణ్ణి.

ఇప్పుడు మా వీధి మారింది. శని ఆదివారాలు వస్తే హైదరాబాదు కార్లు. సముద్రం వైపంతా రిసార్టులు. మా పక్కిల్లు కూడా నాలుగేళ్ల కిందట సిటీ వాళ్లు కొన్నారు. మంచివాళ్లే. గృహప్రవేశానికి పిలిచి కడుపునిండా భోజనం పెట్టారు. పెరట్లో ముచ్చటగా తులసికోట కట్టించారు. తర్వాత తాళం వేసుకుని వెళ్లారు. ఏడాదికి రెండుసార్లు వస్తే గొప్ప. మొదటి ఎండాకాలంలోనే ఆ తులసి వాడిపోతుంటే మా అమ్మ చూడలేకపోయింది. ప్రహరీకి ఇవతల స్టూలు వేసుకుని, గోడ మీదుగా చెంబుతో నీళ్లు విసరడం మొదలుపెట్టింది. ఇప్పటికీ రోజూ అదే పని. మా తులసికి ఒక చెంబు, గోడవతల తులసికి రెండు. రెండెందుకే అంటే, "ఒకటి సగం గాల్లోనే పోద్ది గదరా" అంటుంది.

ఈ తులసి సంగతి గుర్తుపెట్టుకోండి.

నాన్నగారికి రిటైరయ్యాక అరుణాచలంలో ఒక ఆరు నెలలు ఉండాలని కోరిక. రిటైరైన రెండో ఏడే వెళ్లిపోయారు. ఆ కోరిక అమ్మ దగ్గర మిగిలింది. ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు కానీ, గోడ మీద కొండ ఫొటోకి దణ్ణం పెట్టేటప్పుడు ఒక్క క్షణం ఎక్కువ నిలబడేది. కొడుక్కి అర్థం కాదా? నేను నిర్ణయించుకున్నాను, అమ్మకి అరుణాచలంలో ఇల్లు కొనిపెట్టాలని.

ఇక్కడ నిజం చెప్పాలి. అమ్మ కోసం అని మొదలైన ఆలోచన ఎక్సెల్ షీట్ తెరిచేసరికి వేరే అయిపోయింది. మధ్యవర్తి ఒకాయన దొరికాడు. తెలుగు బాగా మాట్లాడతాడు, మాటకి ముందు ఒకసారి, మాటకి తర్వాత ఒకసారి "అరుణాచల శివ" అంటాడు. "పౌర్ణమికి లాడ్జీలు దొరకవు సార్, మీరు లేనప్పుడు రోజువారీ అద్దెకి ఇచ్చుకుంటే ఈఎంఐ సగం స్వామే కట్టేస్తాడు" అన్నాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో! స్వామి చేత ఈఎంఐ కట్టించే ఆలోచన అన్నమాట. అమ్మకి పుణ్యం, నాకు ఇన్వెస్ట్‌మెంట్. 38 లక్షలు. డౌన్ పేమెంటుకి వాడరేవు ఇల్లు అమ్మేద్దాం, బీచ్ హౌస్ కావాలని అడిగేవాళ్లు ఎలాగూ ఉన్నారు, అమ్మ సగం రోజులు అక్కడ, సగం రోజులు హైదరాబాదులో నా దగ్గర. అంతా కుదిరిపోయింది. ఫోన్‌లోనే 50 వేలు టోకెన్ పంపేసి, తర్వాత అమ్మకి చెప్పాను. వరుస చూశారా? డబ్బు పంపాక అడగడం.

అమ్మ కాదనలేదు. చీరాలలో రాత్రి రైలెక్కి పొద్దున్నే చెన్నైలో దిగి, అక్కణ్ణుంచి బస్సులో వెళ్లాం. గుళ్లో దర్శనం చేసుకున్నాక ఫ్లాటు చూడ్డానికి వెళ్లాం. మూడో అంతస్తు. బాల్కనీ తలుపు తీయగానే ఎదురుగా కొండ. చెప్పొద్దూ, నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మధ్యవర్తి అదే సమయానికి "ఈ వ్యూకే ఐదు లక్షలు ఎక్కువ సార్" అన్నాడు.

అమ్మ కొండకి దణ్ణం పెట్టుకుంది. తర్వాత బాల్కనీలో ఒక మూలకి చూపించి, "ఇక్కడ తులసి పెట్టుకోవచ్చు" అంది. నేను సంతోషపడేలోపే నా వైపు తిరిగి అడిగింది, "మనం లేనప్పుడు నీళ్లెవరు పోస్తారురా?"

అంతే. ఇంకో మాట అనలేదు. పక్కింటి వాళ్ల పేరు కూడా ఎత్తలేదు. నాకు మాత్రం స్టూలు, చెంబు, గోడ కళ్ల ముందు కనపడ్డాయి. వాడరేవులో మా పక్కింటి వాళ్లు ఏం చేశారో, నేను అరుణాచలంలో సరిగ్గా అదే చేయబోతున్నాను.

ఆ రాత్రి లాడ్జి గదిలో నిద్ర పట్టలేదు. మన పెద్దలు క్షేత్రం గురించి చెప్పినవన్నీ, నేను మీకు వీడియోల్లో గుక్కతిప్పుకోకుండా చెప్పినవన్నీ, ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా కూర్చున్నాయి.

మొదటిది మీ అందరికీ తెలిసిందే. చిదంబరాన్ని దర్శిస్తే ముక్తి, తిరువారూరులో పుడితే ముక్తి, కాశీలో మరణిస్తే ముక్తి, అరుణాచలాన్ని తలుచుకుంటే చాలు ముక్తి అంటారు. ఎన్నిసార్లు చెప్పుంటాను ఈ మాట! ఆ రాత్రే మొదటిసారి దాన్ని లెక్కగా చూశాను. మొదటి మూడింటికీ ఒళ్లు అక్కడ ఉండాలి. చూడాలంటే వెళ్లాలి, పుట్టాలన్నా పోవాలన్నా ఆ ఊళ్లోనే జరగాలి. నాలుగోదానికి ఆ షరతు లేదు. వాడరేవులో చేపల వలలు బాగుచేసుకుంటూ తలుచుకున్నా సరిపోతుంది. ఉన్న క్షేత్రాలన్నిట్లో అడ్రసు అడగని క్షేత్రం ఏదో, సరిగ్గా అక్కడే నేను అడ్రసు కోసం 38 లక్షలు పోగేస్తున్నాను. అమ్మ రోజూ ఫొటో ముందు ఆ ఒక్క క్షణం ఎక్కువ నిలబడుతోందే, స్వామి అడిగింది అదే కదా.

అయితే మరి భగవాన్ రమణులు అక్కడికి ఎందుకు వెళ్లారు, వెళ్లి ఎందుకు ఉండిపోయారు అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. 1896 సెప్టెంబరు 1న, పదహారేళ్ల కుర్రాడిగా ఆయన ఆ ఊళ్లో అడుగుపెట్టారు. 1950 ఏప్రిల్ 14న శరీరం వదిలేదాకా, అంటే దాదాపు యాభై నాలుగేళ్లు, ఆ కొండని విడిచి వెళ్లలేదు. క్షేత్రవాసం అంటే అది. వచ్చిన రోజునే చేతిలో మిగిలిన చిల్లర కోనేట్లో పారేశారు. వేయి కాళ్ల మండపం, పాతాళ లింగం, తర్వాత విరూపాక్ష గుహ, తర్వాత స్కందాశ్రమం, ఆ తర్వాత కొండ కింద అమ్మ సమాధి దగ్గర తాటాకు పాక. ఇందులో ఏదీ ఆయన కొన్నది కాదు.

ఆ పాకలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. 1924 జూన్ నెలలో ఒక రాత్రి దొంగలు పడ్డారు. భగవాన్ వాళ్లతో, లోపలికి వచ్చి కావలసింది తీసుకోండి అన్నారు. మేం బయటికి వెళ్తాం, పాక మీకే వదిలేస్తాం అన్నారు. ముందు కుక్కని ఎవరూ కొట్టకుండా భద్రంగా బయటికి పంపించి, తర్వాత ఆయన వచ్చారు. అయినా దొంగలు ఆయన తొడ మీద కొట్టారు. లోపల వాళ్లకి దొరికింది పెద్దగా ఏమీ లేదు. ఆ పాక వదిలి పక్క పాకలోకి వెళ్లి కూర్చున్నారు, అంతే. కొండ మాత్రం అక్కడే ఉంది, ఆయనా అక్కడే ఉన్నారు.

ఇల్లు వదిలి బయటికి రావడం అంటే మా చీరాల వాళ్లకి ఇంకో కథ కూడా గుర్తొస్తుంది. 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టం అని దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెనక చీరాల పేరాల జనం వేలమంది ఇళ్లకి తాళాలు వేసి, ఊరి బయట పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. ఆ పాకల ఊరికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. ఆయన దళం పేరేమో రామదండు. ఎండకి, వానకి ఓర్చి ఉన్నారు. తాళం పడిన ఇళ్లు చీరాలలో ఉండిపోయాయి, ఊరు మాత్రం జనంతో పాటు రామనగరానికి నడిచింది. దారి తప్పుతున్నాను, మళ్లీ అరుణాచలానికి వస్తా.

సూరి నాగమ్మగారి గురించి నేను విడిగా వీడియో చేశాను, చూడనివాళ్లు చూడండి. మన గుంటూరు జిల్లా కొలనుకొండలో పుట్టిన మనిషి. చిన్నప్పుడే భర్త పోయాడు. 1941లో రమణాశ్రమానికి చేరింది. 1945 నుంచి అక్కడ రోజూ జరిగేవి అన్నగారికి ఉత్తరాలుగా రాసింది. శ్రీ రమణాశ్రమ లేఖలు అంటే అవే. ఆ రోజుల్లో ఆడవాళ్లు రాత్రిపూట ఆశ్రమంలో ఉండడానికి లేదు. చీకటి పడేసరికి బయటికి వచ్చేయాలి. అందుకని ఆమె ఆశ్రమం బయట చిన్న వసతి చూసుకుని, అక్కణ్ణుంచే రోజూ వచ్చిపోయేది. కొండ కనపడే బాల్కనీ ఉందో లేదో నాకు తెలియదు. కానీ ఆమె ప్రతిరోజూ అక్కడ ఉంది. అందుకే మనకి ఆ ఉత్తరాలు దక్కాయి. నా ఎక్సెల్ షీటులో లేనిది ఇదే. ఇంటి విస్తీర్ణం ఉంది, లోను వడ్డీ ఉంది, పౌర్ణమి అద్దె ఉంది. ఏడాదిలో మేం అక్కడ ఎన్ని రోజులుంటాం అన్న గడి నేను పెట్టనే లేదు. తర్వాత పెట్టి చూశాను. నాకు పన్నెండు రోజులు వచ్చింది, అదీ సెలవులు దొరికితే.

ఇంకో కథ నన్ను ఎక్కువ భయపెట్టింది. వ్యాసుడిది. మన కొండవీటి ఆస్థానంలో విద్యాధికారిగా చేసిన శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో చెప్పిన కథే. వ్యాసమహర్షి శిష్యులతో కాశీలో ఉంటున్నాడు. అంతటివాడు కాశీవాసం చేస్తున్నాడంటే ఇంక కావలసిందేముంది? శివుడు చిన్న పరీక్ష పెట్టాడు. ఒక మధ్యాహ్నం భిక్షకి బయల్దేరితే ఒక్క ఇంట్లోనూ అన్నం పుట్టలేదు. రెండో రోజూ అంతే. వేదాలు విభజించిన మహానుభావుడికి ఆకలి కోపంగా మారింది. ఈ కాశీలో మూడు తరాలు విద్య, ధనం, ముక్తి లేకుండా పోవాలని శపించబోయాడు. అప్పుడు ఒక ఇంటి వాకిట్లో ముత్తైదువ రూపంలో అమ్మవారు నిలబడి, చీవాట్లు పెట్టి, లోపలికి పిలిచి, శిష్యులందరితో సహా భోజనం పెట్టింది. భోజనం అయ్యాక స్వామి వచ్చి, నువ్వు కాశీలో ఉండడానికి తగవు, వెళ్లిపో అన్నాడు. వ్యాసుడు ఏడ్చాడు. అమ్మవారు జాలిపడి దక్షారామానికి దారి చూపించింది. అలా ఆయన మన గోదావరి ఒడ్డుకి వచ్చాడు.

దీన్ని మీ పరిస్థితికి పెట్టి చూడండి. పౌర్ణమి రాత్రి లిఫ్టు పనిచేయకపోతే వాచ్‌మన్ మీద అరుస్తాం. నీళ్ల ట్యాంకరు రాకపోతే అసోసియేషన్ గ్రూపులో తిట్టుకుంటాం. అద్దెకి వచ్చినవాళ్లు గోడమీద మేకు కొట్టారని పోట్లాడతాం. హైదరాబాదులో ఇవన్నీ రోజూ చేసేవే, చిన్న పాపాలే. కానీ పెద్దలు ఒక మాట చెప్పారు. వేరే చోట చేసిన పాపం క్షేత్రంలో పోతుంది, క్షేత్రంలో చేసిన పాపం వజ్రలేపమైపోతుంది అని. వజ్రలేపం అంటే పాత రోజుల్లో రాయికీ రాయికీ అతికే గట్టి పూత. ఇంక ఊడదు. వెనకటివాళ్లు క్షేత్రానికి వెళ్లి మూడు రాత్రులు నిద్ర చేసి భయంభయంగా తిరిగొచ్చింది అందుకేనేమో. మనమేమో అక్కడే ఒక మెయింటెనెన్స్ బిల్లు, ఒక అద్దె అగ్రిమెంటు, ఒక పార్కింగ్ తగాదా పెట్టుకుంటున్నాం.

తెల్లారి అమ్మా నేనూ గిరి ప్రదక్షిణకి బయల్దేరాం. పద్నాలుగు కిలోమీటర్లు అమ్మ నడవలేదు కాబట్టి కొంత నడక, కొంత ఆటో. ఫ్లాటు ఉన్న వీధి మలుపులో పూలమ్మే ఆవిడ కనపడింది. ఈ మధ్య అక్కడ దుకాణాల వాళ్లందరికీ తెలుగు వచ్చేసింది కదా, ఆవిడా మాట్లాడింది. అమ్మ రెండు మూరల పూలు కొని, అలవాటుగా కబుర్లలో పడింది. ఆవిడది మేం చూసిన బిల్డింగు వెనకే పెంకుటింట్లో అద్దె గది. రెండేళ్లలో అద్దె రెండుసార్లు పెరిగిందిట. ఇప్పుడు ఆ స్థలంలో రెండో బ్లాకు కడుతున్నారు, సంక్రాంతిలోపు ఖాళీ చేయాలిట. "ఊరికి దూరంగా పోవాల, పొద్దున నాలుగుకి పూలు తేవాలంటే ఆటోకే అయిపోతుంది" అంది. మమ్మల్ని తిట్టలేదు. మేం కొనేవాళ్లమని ఆవిడకి తెలియదు కూడా. పూలు ఇస్తూ ఒక రోజా ఎక్కువ వేసింది అమ్మ కోసం.

ఆటోలో అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఈశాన్య లింగం దగ్గర దిగుతుంటే అంది, "పాపం, ఆవిడ రోజూ స్వామికి పూలిస్తోంది. మనం ఎప్పుడో వచ్చి చూసిపోతాం. ఎవర్నిరా ఖాళీ చేయించేది?"

మీలో కొందరు అనుకుంటున్నారు, నాకు తెలుసు. నువ్వు కొనకపోతే ఇంకొకడు కొంటాడు, ఆవిడ ఎలాగూ ఖాళీ చేయాల్సిందే అని. నిజమే. నేను వెనక్కి వచ్చినందువల్ల ఆవిడ గది నిలబడిందని నేనేం చెప్పట్లేదు. నా ఒక్కడి టోకెన్‌తో ఊరు మారిపోదు. కానీ ఆ పాపంలో నా వాటా ఉండాలా వద్దా అనేది నా చేతిలో ఉంది కదా.

ఇంకా ఒకటుంది, చెప్పకపోతే తప్పవుతుంది. అరుణాచలంలో కొండ మీద గుడి లేదు, కొండే లింగం. మనం నమ్మేది అదే అయితే కొండవాలు ఎక్కి ఇళ్లు కట్టడం అంటే ఏమిటో మీరే ఆలోచించండి. 2024 డిసెంబరు 1న ఫెంగల్ తుపాను వానలకి కొండవాలు జారి, వీఓసీ నగర్‌లో రాళ్లు, మట్టి ఒక ఇంటి మీద పడి ఏడుగురు చనిపోయారు. వాళ్లలో ఐదుగురు పిల్లలు. వాళ్లు వ్యూ కోసం అక్కడ ఉన్నవాళ్లు కారు, వేరే చోట ఉండే స్తోమత లేనివాళ్లు. ఊళ్లో చోటు ఖరీదయ్యే కొద్దీ పేదవాడు కొండ పైకి జరుగుతాడు. ఆ లెక్కలో మన డబ్బు కూడా కలుస్తుంది.

తిరిగొచ్చాక కాగితాల సంగతి మొదలైంది. లింకు డాక్యుమెంట్లు పంపమంటే మధ్యవర్తి రెండు పేజీలు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. తమిళం తెలిసిన లాయరుగారు ఒకరికి చూపించాను. పాత రికార్డుల్లో ఆ స్థలంలో కొంత భాగం దేవాలయం పేరున ఉన్నట్టుంది, పూర్తిగా చూడకుండా ముందుకి వెళ్లకండి అన్నారు. తమిళనాడులో 1959 నాటి దేవాదాయ చట్టం ప్రకారం గుడి భూమిని కమిషనర్ అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. మన ఆంధ్రలోనూ 1987 చట్టం ఉంది, దేవుడి మాన్యాలు నిషేధిత జాబితాలో ఉంటాయి. ఫ్లాటు గోడలకి మనం డబ్బులు కట్టినా, కింద నేల స్వామిదైతే ఏం కొన్నట్టు?

నాకు వెంటనే నృగ మహారాజు గుర్తొచ్చాడు. భాగవతం దశమ స్కంధంలో కథ. ఆయన లెక్కలేనన్ని గోదానాలు చేసిన పుణ్యాత్ముడు. ఒకసారి, ముందే ఒకరికి ఇచ్చేసిన ఆవు దారి తప్పి మళ్లీ ఆయన మందలో కలిసింది. తెలియక దాన్ని ఇంకొకరికి దానం చేశాడు. మన భాషలో డబుల్ రిజిస్ట్రేషన్. ఇద్దరూ నాదంటే నాదని వచ్చారు. చెరి లక్ష ఆవులు ఇస్తాను, ఇది వదులుకోండి అన్నాడు రాజు. ఇద్దరూ ఒప్పుకోలేదు. అంత పుణ్యం చేసినవాడు ఊసరవెల్లి అయి ద్వారకలో పాడుబడ్డ బావిలో పడి ఉన్నాడు. కృష్ణయ్య వచ్చి చేయి తగిలిస్తే గానీ విముక్తి రాలేదు. కృష్ణుడు అప్పుడు తనవాళ్లకి ఏం చెప్పాడంటే, విషం తాగినవాణ్ణే చంపుతుంది, ఇలాంటి సొత్తు అనుభవిస్తే వంశాన్నే కాలుస్తుంది అని. నృగుడికి తెలియక జరిగింది, గుర్తుపెట్టుకోండి. మనకి ఈసీ తీసే సౌకర్యం ఉంది, లాయరు ఉన్నాడు. తెలియదని చెప్పుకునే అవకాశం మనకి లేదు.

టోకెన్ వెనక్కి రాలేదు. రెండు నెలలు అడిగాను, "స్వామి చూసుకుంటాడు సార్" అన్నాడు, తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. అమ్మతో చెప్తే నవ్వి, "హుండీలో వేసినా బాగుండేది గదరా" అంది. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ కడుపు మండుతుంది, అబద్ధం ఎందుకు.

ఇదంతా చదివి క్షేత్రంలో ఇల్లు కొనడం తప్పు అనుకోకండి. భార్యాభర్తలు రిటైరై, అక్కడే స్థిరపడి, రోజూ గుడికి వెళ్లి, ఇంట్లో వండి నలుగురికి పెట్టేవాళ్లని నేను చూశాను. వాళ్లకి పాదాభివందనం. పెద్దవాళ్లకి లిఫ్టు కావాలి, వెస్టర్న్ బాత్రూమ్ కావాలి, దగ్గర్లో డాక్టరు ఉండాలి. మండపంలో పడుకోమని ఎవరూ చెప్పరు. నేను అడిగేది ఒకటే, ఆ ఇంట్లో ఉండేది ఎవరు? తిరుమలలో మాడ వీధుల చుట్టూ తరతరాలుగా ఉన్న కుటుంబాలే మాస్టర్ ప్లానులో ఇళ్లు వదులుకుని కిందికి దిగి వచ్చాయి. మన వైపు పత్తి, మిర్చి వ్యాపారంలో నాలుగు డబ్బులు చేసుకున్న పాతకాలం వాళ్లు ఏం చేశారు? క్షేత్రంలో సత్రానికి ఒక గది కట్టించి, గుమ్మం పక్కన రాయి మీద అమ్మానాన్నల పేర్లు చెక్కించారు. ఆ గదికి ఏడాది పొడుగునా తాళం ఉండదు. ఎవరో ఒకరు స్నానం చేసి తడిబట్ట ఆరేస్తూనే ఉంటారు.

మీ అమ్మానాన్నలకి నిజంగా కోరిక ఉంటే ముందు ఒక మండలం రోజులు అద్దెకి తీసుకోండి. నలభై రోజులు. ఆ ఊరి ఎండ, నీళ్లు, భాష, కోతులు అన్నీ తెలుస్తాయి. అమ్మకి అక్కడ తోచుతుందో లేదో తెలుస్తుంది. పదిహేనో రోజుకి మనవళ్ల మీద బెంగపెట్టుకుంటే సంతోషంగా ఇంటికి తీసుకురండి, అందులో నామోషీ ఏం లేదు. నలభై రోజులయ్యాక కూడా రానంటే, అప్పుడు కాగితాలు చూడండి. ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, పట్టా, ఈసీ, నేల గుడిదా కాదా, చెరువులో కట్టారా, కొండవాలులో కట్టారా. అద్దెకున్నవాళ్లు ఎవరు, వాళ్లని ఎలా పంపిస్తున్నారు అన్నది కూడా అడగండి. బ్రోకరు ఆశ్చర్యపోతాడు. పోనివ్వండి.

మేం అదే చేశాం. కిందటి నెలలో అమ్మని తీసుకెళ్లి, ఒక పెద్దావిడ ఇంట్లో కింద గది నలభై ఒక్క రోజులకి అద్దెకి మాట్లాడాను. బాల్కనీ లేదు. కిటికీలోంచి ఎదురింటి వాటర్ ట్యాంకు కనపడుతుంది. కొండ చూడాలంటే మలుపు దాకా నడవాలి. అమ్మ పొద్దునే లేచి నడుస్తుంది. పూలావిడ కొత్త చోటి నుంచి ఆటోలో వస్తోందిట, అమ్మ రోజూ ఆవిడ దగ్గరే పూలు కొంటోంది.

ఇరవై మూడో రోజు ఫోన్ చేసింది. స్వామి గురించి చెప్తుందనుకుని, ఈ పోస్టుకి పనికొస్తుందని పెన్ను కూడా పట్టుకున్నాను.

"ఏరా, పక్కింటి తులసికి నీళ్లు పోయమని ఎవరికైనా చెప్పావా?" అంది.

చెప్పలేదు. మర్చిపోయాను. ఫోన్ పెట్టేసి వాడరేవులో ఎదురింటి కుర్రాడికి ఫోన్ చేశాను. స్టూలు వరండాలో ఉంటుందని, రెండు చెంబులు పోయాలని చెప్పాను.

అరుణాచల శివ.